జిన్నుకీ జన్మకీ చుట్టరికం

ఆదోని యార్డులో వేలం అయ్యాక పత్తి జిన్నింగు మిల్లుకు పోతుంది. అక్కడ రోలర్లు దూదిని లాగేసుకుని గింజను కింద వదిలేస్తాయి. ఆ యంత్రానికి జిన్ను అనే పేరెలా వచ్చిందో ఆరా తీయడం నాలాంటి పనిలేనివాడి పని.

పేరు వినగానే అరబ్బీ కథల్లోని భూతం గుర్తొస్తుంది, లేదంటే సీసాలోని మందు. రెండూ కాదు. మందు పేరు జూనిపర్ కాయ నుంచి వచ్చింది. మన జిన్ను తల తెగిన ఇంజన్. అమెరికాలో విట్నీ 1794లో పత్తి జిన్నుకు పేటెంటు తీసుకునేనాటికే ఇంగ్లీషులో ఏ యంత్రాన్నయినా జిన్ను అనడం పాత అలవాటు. (చేత్తో తిప్పే రోలర్ల జిన్ను అంతకు చాలా ముందే మన దేశంలో ఉంది. ఆ సంగతి విట్నీ అభిమానులు ఎత్తరు.) పాత ఫ్రెంచిలో ‘ఎంజిన్’ అంటే యుక్తి, ఆ యుక్తితో చేసిన సాధనం. దానికి మూలం లాటిన్ ‘ఇంగెనియుమ్’, పుట్టుకతో వచ్చిన తెలివి. అందులోని ‘గెన్’ అంటే పుట్టించడం. సంస్కృతంలోని ‘జన్’ దీనికి తోబుట్టువు.

పోలిక చూసి చుట్టరికం కలిపేస్తున్నానని మీకు అనుమానం రావాలి. రాకపోతే ఈ పని చేయకూడదు. ఒక్క జంట సాక్ష్యం చాలదు, వరస కావాలి. లాటిన్‌లో మోకాలు ‘గెను’, సంస్కృతంలో ‘జాను’. తెలుసుకోవడానికి అక్కడ ‘గ్నో’, ఇక్కడ ‘జ్ఞా’. అక్కడి గకారం ఉన్నచోట ఇక్కడ జకారం పలుకుతోంది.

కర్ణాటక సరిహద్దున ఉండే ఆదోనివాళ్లకు ఈ పద్ధతి ఒకరు నేర్పక్కర్లేదు. మన పాలు కన్నడంలో హాలు, పులి హులి, పంది హంది, పత్తి హత్తి. పుస్తకం మాత్రం అక్కడా ‘పుస్తక’గానే ఉంది, సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కనుక. సూత్రానికి లొంగని మాట ఎక్కణ్నుంచి వచ్చిందో అలా బయటపడుతుంది. నాకు ఈ వేటలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే.

జిన్ను ఇంగ్లీషు నుంచి వస్తే జన్మ సంస్కృతం నుంచి వచ్చింది. మూలంలో అవి కలుసుకున్నా తెలుగుకు రెండూ అరువే. మన సొంత మాట పుట్టుక. సరిహద్దు దాటగానే ‘పుట్టు’ కూడా ‘హుట్టు’ అయిపోతుంది.