గురక వ్యాధి గుట్టు విప్పిన పనితనం

నిలబడి నెమరేస్తున్న ఎద్దు గురక పెడుతోందంటే అది నిద్ర గురక కాదు. లోపల ముక్కు దారి ఇరుకైందని అర్థం. చీమిడి మొదట పలచగా కారుతుంది, తర్వాత చిక్కబడుతుంది, ఒక్కోసారి అందులో నెత్తుటి చారలు కనబడతాయి. దుక్కిలో నాలుగు చాళ్లు తిరిగేసరికి ఎద్దు రొప్పుతుంది. చెరువుల మీద బతికే తెలుగు పల్లెల్లో దీన్ని గురక వ్యాధి అంటారు. ఇది పశువును చంపడం అరుదు. దాని పనినీ పాలనూ మాత్రం హరిస్తుంది.

ఈ గురకకు కారణం నెత్తుటి నాళాల్లో కాపురముండే ఒక పురుగు. దాన్ని కొత్త జాతిగా వర్ణించి 1933లో పేరు పెట్టినవారు మద్రాసు రాజధానిలో ఈ వ్యాధి మీద పరిశోధన చేసిన ఎం. అనంతనారాయణ రావు. షిస్టోసోమా నాసేల్ అనే ఆ శాస్త్రీయ నామం పక్కన ‘రావు, 1933’ అని నేటికీ రాస్తారు. ఇప్పటి ఖమ్మం ప్రాంతాన్నే తీసుకుంటే, ఆ రోజుల్లో భద్రాచలం మద్రాసు రాజధానిలోది, ఖమ్మం నిజాం రాజ్యంలోది. గోదావరి ఒడ్డున భద్రాచలం బ్రిటిష్ పాలనలో ఉంటే, ఎదురుగా బూర్గంపాడు నిజాం ఏలుబడిలో ఉండేది. పాలకులు వేరైనా నీళ్లూ, నత్తలూ, వాటిలో దిగే గొడ్లూ రెండు వైపులా ఒకటే. పశువ్యాధుల పరిశోధకుడు ఒక చప్పుడు దగ్గర మొదలుపెట్టి ఒక పురుగు దాకా, అక్కడి నుంచి ఒక నత్త దాకా ఎలా చేరుకుంటాడో తెలుసుకోవడానికి ఈ పరిశోధన మంచి ఉదాహరణ.

మొదటి మెట్టు అనుమానితుల జాబితా. గురక వినగానే పురుగే కారణమని తేల్చేస్తే పొరపాటు. అడవి వాగుల్లో నీళ్లు తాగిన గొడ్డు ముక్కులో జలగ చేరి ఉండవచ్చు. రైనోస్పోరిడియం అనే మరో జీవి కూడా ముక్కులో మెత్తటి, ఎర్రటి కండలు పెంచుతుంది. అలర్జీ వల్ల ముక్కు పొర వాయవచ్చు, అరుదుగా కంతి కూడా ఉండవచ్చు. ముక్కు రంధ్రంలోకి దీపం వేసి చూస్తే ఎర్రగా, గరుకుగా, కాలీఫ్లవర్ పువ్వులా పొంగిన కండ కనిపిస్తుంది. కంటికి ఇలాంటి కండలన్నీ దగ్గర దగ్గరగానే ఉంటాయి. వీటిలో ఏది అసలుదో చెప్పడానికి లోపలి ఆధారం కావాలి.

ఆ ఆధారం మొదట చీమిడిలో దొరుకుతుంది. ముక్కు లోపల గీకి తీసిన పదార్థాన్ని 10 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో వేసి వేడి చేస్తారు. కండ, చీము, జిగురు కరిగిపోతాయి. గుడ్డు పెంకు మాత్రం కొంతసేపు తట్టుకుంటుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే బరువైనవి అడుగుకు చేరతాయి. ఆ మడ్డిని చుక్కగా స్లైడు మీద వేసి చూస్తే పొడవాటి గుడ్లు కనిపిస్తాయి. మధ్యలో కాస్త వంగి, కొనలు సన్నబడి, ఒక కొనకు చిన్న ముల్లు ఉంటుంది. పొడవు సుమారు అర మిల్లీమీటరు దాకా పోవచ్చు. పనికిరాని పదార్థాన్ని కరిగించేసి, కావలసినదాన్ని మిగుల్చుకోవడమే ఈ పరీక్షలోని తెలివి.

గురక వెనుక ఉన్న పురుగును అన్నాళ్లూ దాచింది ఒక అలవాటు కావచ్చు. పశువుల నెత్తుటి పురుగుల్లో షిస్టోసోమా స్పిండేల్, షిస్టోసోమా ఇండికం అనే రెండింటిని 1906లోనే మాంట్‌గోమరీ వర్ణించాడు. అవి పేగుల దగ్గరి సిరల్లో ఉంటాయి, గుడ్లు పేడలో పడతాయి. కాబట్టి అలాంటి పురుగుల కోసం పేడను చూడడం మామూలైంది. ముక్కులో కాపురముండే పురుగు గుడ్లు చీమిడిలో పోతాయి. పేడలో వెతికితే ఎక్కడ దొరుకుతాయి? 1932లో ఎస్.సి.ఎ. దత్తా పశువుల ముక్కు గడ్డల కారణంపై వ్యాసం ప్రచురించాడు. మరుసటి ఏడాది రావు పురుగును వివరంగా వర్ణించాడు.

గుడ్డు దొరికిందంటే సగం పని అయింది. అది ఆ గడ్డకు కారణమో, ఊరికే దారిన పోయిందో తెలియాలంటే గడ్డను కోసి చూడాలి. ఇక్కడే పాథాలజీ అసలు పనితనం మొదలవుతుంది. గడ్డ ముక్కను వెంటనే ఫార్మలిన్‌లో వేయాలి. ముక్క మందం సెంటీమీటరు మించకూడదు, ఫార్మలిన్ ముక్కకు పది రెట్లు ఉండాలి. మందంగా ఉంటే మందు లోపలికి దిగేలోపే నడిబొడ్డు కుళ్లుతుంది. సీసా మూతి వెడల్పుగా ఉండాలి, ఎందుకంటే గట్టిపడిన ముక్క ఇరుకు మూతిలోంచి బయటికి రాదు. లోపల వేసే చీటీ మీద పెన్సిలుతోనే రాయాలి. తర్వాతి దశలో వాడే ఆల్కహాలు సిరాను కరిగించేస్తుంది. ఊరి పశువుల ఆసుపత్రిలో ఈ చిన్న జాగ్రత్తల్లో ఒకటి తప్పినా దూరాన ఉన్న ప్రయోగశాలలో చేయగలిగింది ఏమీ ఉండదు.

ప్రయోగశాలలో ముక్కను తక్కువ శాతం నుంచి ఎక్కువ శాతానికి వరసగా ఆల్కహాలులో ఉంచుతారు. అందులోని నీరు మెల్లగా పోతుంది. నీటిని ఒక్కసారి లాగేస్తే కణాలు ముడుచుకుపోతాయి. తర్వాత జైలీన్ ఆల్కహాలును తోసేస్తుంది, కరిగిన మైనం జైలీన్‌ను తోసేస్తుంది. చివరికి కండలో నీరు ఉన్న చోటల్లా మైనమే ఉంటుంది. ఆ మైనం దిమ్మను మైక్రోటోమ్ మీద బిగించి నాలుగైదు మైక్రాన్ల మందంలో కోస్తారు. తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. కత్తి నుంచి పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బన్‌లా వస్తాయి. వాటిని గోరువెచ్చని నీటిలో తేలిస్తే ముడతలు పోతాయి. వాటి కింద స్లైడును పెట్టి పైకెత్తితే పొర గాజుకు పట్టుకుంటుంది. తర్వాత రెండు రంగులు. హెమటాక్సిలిన్ కణకేంద్రాలకు నీలం ఇస్తుంది, ఇయోసిన్ మిగతా భాగానికి గులాబీ రంగు ఇస్తుంది.

ఇప్పుడు స్లైడులో కథ చదవవచ్చు. పెంకు ఉన్న గుడ్డు మధ్యలో ఉంటుంది. దాని చుట్టూ గులాబీ అంచు. అది పశువు శరీరం తయారుచేసిన రక్షక ప్రోటీన్లు పేరుకుని ఏర్పడింది. బయట ఇయోసినోఫిల్ కణాలు గుంపుగా ఉంటాయి. వాటి వెనుక మాక్రోఫేజ్‌లు, కొన్ని కలిసిపోయి ఏర్పడ్డ అనేక కేంద్రాల పెద్ద కణాలు. ఇంకా బయట నారలు అల్లుకున్న గట్టి కండ. అంటే గడ్డను కట్టింది పురుగు కాదు, దాని గుడ్లను చుట్టుముట్టిన పశువు శరీరమే. రైనోస్పోరిడియం అయితే స్లైడులో గుండ్రటి సంచులు, వాటి నిండా చిన్న బీజాలు కనిపిస్తాయి. వంగిన గుడ్డును పొర అడ్డంగా కోస్తే మాత్రం అది కూడా గుండ్రంగానే కనిపిస్తుంది. అందుకే ఒక పొర చూసి ఆగకుండా వరుస పొరలు చూడాలి. ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ ఆ గుండ్రాన్ని మనసులో మళ్లీ పొడవాటి గుడ్డుగా అతికించుకోవాలి.

గుడ్లు పెట్టే పురుగులను చూడందే జాతి తేలదు. పశువు తల దొరికితే నిలువునా కోసి, ముక్కు పొరను ఒలిచి, వెలుతురుకు పట్టి సిరల్లో వెతకాలి. పురుగులు సన్నటి దారాల్లా ఉంటాయి. సూదులతో సిరను చీల్చి, వాటిని తెగకుండా ఉప్పునీటిలోకి లాగాలి. మగ పురుగు శరీరంలో నిలువుగా ఒక గాడి ఉంటుంది. ఆడది దానికంటే సన్నగా, ఆ గాడిలోనే ఒదిగి ఉంటుంది. ఈ పొడవులు, వెడల్పులు, వృషణాల సంఖ్య, గుడ్డు ఆకారం అన్నీ పాత జాతులతో పోల్చి తేడా చూపిస్తేనే కొత్త పేరుకు హక్కు దక్కుతుంది.

పేరు వచ్చాక మిగిలిన ప్రశ్న పురుగు గొడ్డులోకి ఎలా చేరిందన్నది. చీమిడితో నీళ్లలో పడ్డ గుడ్డు పగిలి, వెంట్రుకలున్న పిల్ల ఈదుకుంటూ బయటికొస్తుంది. అది నత్తలోకి దూరి అక్కడ అనేకమై, చీలిన తోకతో మళ్లీ నీళ్లలోకి వస్తుంది. చెరువులో దిగిన పశువు చర్మం గుండా లోపలికి దూసుకుపోతుంది. ఈ పనిలో ఇండోప్లానార్బిస్ ఎక్సస్టస్ అనే నత్త పాత్రపై తర్వాతి దశాబ్దాల్లో దత్, శ్రీవాస్తవ విస్తృతంగా పనిచేశారు. దీని గుల్ల బల్లపరుపుగా చుట్టుకుని ఉంటుంది. నెత్తుటిలో హిమోగ్లోబిన్ ఉండడంతో ప్రాణవాయువు తక్కువున్న బురదనీటిలో కూడా బతుకుతుంది.

ఇక్కడ మరో చిక్కు ఉంది. స్పిండేల్, ఇండికం పిల్లలు కూడా ఇదే నత్తలో పెరుగుతాయి, వాటి తోకలూ చీలే ఉంటాయి. చూసి తేల్చడం కష్టం. అందుకని ప్రయోగశాలలో గుడ్ల నుంచి పెంచిన, చెరువు ముఖం చూడని నత్తలనే వాడతారు. వాటికి ముక్కు గుడ్ల నుంచి వచ్చిన పిల్లలను మాత్రమే సోకిస్తారు. ఉదయం ఒక్కో నత్తను ఒక్కో గాజు గొట్టంలో శుభ్రమైన నీటిలో వెలుతురులో ఉంచితే పిల్లలు బయటికొస్తాయి. వాటిని చెరువు నీళ్లు తగలకుండా పెంచిన దూడకు సోకించి, నెలల పాటు దాని చీమిడిని పరీక్షిస్తారు. ప్రయోగ దూడల్లో ముక్కు షిస్టోసోమియాసిస్‌ను, అంటే ఈ గురక వ్యాధిని, సోకించగలిగానని రావు కూడా ప్రచురించాడు. నత్త, పిల్ల, దూడ, గుడ్డు ఒక్కొక్కటి విడిగా రుజువైతేనే గొలుసు పూర్తవుతుంది.

ఆ గొలుసు పూర్తయ్యాక కనిపించేది బర్రె పాత్ర. బర్రెకు ఈ పురుగు సోకినా చాలాసార్లు పెద్ద గడ్డ లేవదు, గురక రాదు. చీమిడిలో గుడ్లు మాత్రం పడుతూ ఉంటాయి. ఖమ్మం వైపు పాలేరు, వైరా ఆయకట్టు ఊళ్లలో కానీ, తాలిపేరు వైపు అడవి అంచు గూడేల్లో కానీ ఎండాకాలం మధ్యాహ్నం చెరువులో ముక్కు దాకా మునిగి పడుకునేది బర్రె. గురక పెట్టేది దాని పక్కన తడిసిన ఎద్దు. జబ్బు పశువుకే మందు వేస్తే వచ్చే వానాకాలానికి చెరువు మళ్లీ సిద్ధంగా ఉంటుంది. ఆంటిమొనీ సూదిమందులు గడ్డను తగ్గిస్తాయి కానీ నత్తను తాకవు. ఊరి మంద మొత్తాన్ని పరీక్షించి, ఆరోగ్యంగా కనబడుతున్న బర్రెకు కూడా మందు వేయించి, గొడ్లు తాగే నీళ్లను అవి పడుకునే నీళ్ల నుంచి వేరు చేయమని పశువైద్యుడు చెప్పగలుగుతున్నాడంటే, ఆ మాటకు బలం 1933 నాటి ఆ పురుగు వర్ణన నుంచి, ఆ తర్వాత ఒక్కొక్కటిగా పేర్చిన రుజువుల నుంచి వచ్చింది.