ఎవరి కథకు ఎంత ఆయుష్షు?

టీవీ సీరియల్ నడవాలా ఆగాలా అనేది కొందరికి అన్నం తిన్నాక మాట్లాడుకునే కాలక్షేపపు ముచ్చట. మన వాడల్లో అది అట్లా లేదు. ఈ దేశంలో కనీసం రెండుసార్లు దళితులు ఒక సీరియల్ ఆగిపోకూడదని బజారుకెక్కారు. ఒకసారి 1988లో, పంజాబ్‌లోని జలంధర్‌లో, చీపుర్లు కింద పెట్టి. ఇంకోసారి 2020లో, కర్ణాటక పల్లెల్లో, ఫ్లెక్సీలు కట్టి. ఇట్లాంటి సందర్భం వచ్చినప్పుడల్లా మన అగ్రవర్ణ మిత్రులు, ఒక్కోసారి మనలో చదువుకున్నవాళ్లు కూడా, ఒకటే ప్రశ్న వేస్తారు: "ఇంతకీ ఆ సీరియల్ బతకాల్సినంత గొప్పదా?"

ప్రశ్న తప్పు కాదు. దాన్ని ఎవరు ఎవర్ని అడుగుతున్నారు, ఏ సమయంలో అడుగుతున్నారు అన్నది తేల్చుకోవాలి. నా మటుకు నాకు అంతకంటే ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది. కథను ఎక్కడ ఆపేస్తున్నారు?

చీపుర్లు కింద పెట్టిన ప్రేక్షకులు

రామానంద్ సాగర్ తీసిన 'రామాయణ్' 1987 జనవరి 25న దూరదర్శన్‌లో మొదలైంది. మొదట 52 వారాలకు అనుమతి ఇచ్చి, ఆదరణ చూసి పొడిగించారు. 78 వారాలు నడిచి 1988 జులై 31న పట్టాభిషేకంతో ముగిసింది. ఆదివారం పొద్దున వీధులు ఖాళీ అయ్యేవనీ, టీవీ పెట్టెకు పూలదండ వేసి హారతులిచ్చేవాళ్లనీ మనకు చాలామంది చెప్పారు. తక్కువమంది చెప్పింది ఇంకొకటి ఉంది. ఉత్తరకాండ లేకుండానే సీరియల్ ముగించేస్తున్నారని తెలిసి జలంధర్ పారిశుధ్య కార్మికులు సమ్మెకు దిగారు. సమ్మె ఉత్తరాదిలోని ఇతర నగరాలకు పాకింది. ఊళ్లల్లో రోగాలొస్తాయన్న భయం పట్టుకున్నాక ప్రభుత్వం దిగొచ్చి మిగిలిన కథ తీయించింది.

ఆ సీరియల్ ఇంకా నడవాలని కోరుకున్నవాళ్లు దేశమంతా ఉన్నారు. కానీ ఆ కోరికను ఏలినవాళ్లు కాదనలేని కాడికి తెచ్చింది ఊరి మురికి ఎత్తే చేతులు.

వాళ్లు ఉత్తరకాండే ఎందుకు అడిగారు? ఆ కార్మికుల్లో ఎక్కువమంది వాల్మీకిని తమ మూలపురుషుడిగా కొలిచే కులం వాళ్లు. వెళ్లగొట్టిన సీతకు నీడ ఇచ్చినవాడుగా, ఆమె పిల్లలకు చదువు చెప్పినవాడుగా వాల్మీకి నిలబడేది ఆ కాండలోనే. పట్టాభిషేకం దగ్గర కథ ఆపేస్తే రాజు మిగులుతాడు, వాల్మీకి పోతాడు. "మావాడు వచ్చే చోట కథ ఎందుకు కోశారు?" అన్నదే వాళ్ల ప్రశ్న.

ఇక్కడ మనం సంతోషపడి ఊరుకుంటే పరిశోధన కాదు. అదే ఉత్తరకాండలో శంబుకుడున్నాడు. తపస్సు చేసిన నేరానికి రాముడు తల నరికిన శూద్రుడు. త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుక వధ' నాటకం తెలిసిన తెలుగు పాఠకులకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. అంటే సమ్మె చేసి సాధించుకున్న కాండలోనే మనల్ని చంపిన కథ కూడా ఉంది. వాల్మీకి పేరే పారిశుధ్య కార్మికుల్ని హిందూ మతంలో కట్టిపడేసే తాడు అని భగవాన్ దాస్ లాంటి అంబేద్కరైట్లు ఎంతోకాలం వాదించారు. ఆ వాదనలో నిజముంది. అయినా, సమ్మె చేసినవాళ్లను 'అమాయకులు' అని కొట్టిపారేసే హక్కు మనకెవరిచ్చారు? దేశమంతా చూస్తున్న ఒక కథలో తమ మనిషి ఎక్కడున్నాడో వాళ్లు లెక్క తీశారు. అది కోసేస్తే పని ఆపారు. ఆ లెక్కలో తర్కం లేదనగలమా?

అదే కాలంలో బొంబాయిలో ఇంకో కొట్లాట నడిచింది. అంబేద్కర్ రచనల నాలుగో సంపుటం 'హిందూమతంలో చిక్కుముడులు' 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం అచ్చేసింది. అందులో రాముడి మీద, కృష్ణుడి మీద ఆయన వేసిన ప్రశ్నల భాగం తీసెయ్యాలని శివసేన, మరికొందరు గొడవకు దిగారు. ప్రభుత్వం వెనక్కి తగ్గబోయింది. 1988 మొదట్లో దళితులు పెద్ద ఎత్తున బొంబాయి వీధుల్లోకి వచ్చారు. ఆ భాగం నిలిచింది, ప్రభుత్వం ఆ అభిప్రాయాలతో ఏకీభవించడం లేదన్న ఒక ముక్క తగిలించుకుని.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే ఏడాది ఒక చోట దళితులు రాముడి సీరియల్ కొనసాగాలన్నారు, ఇంకోచోట రాముణ్ణి నిలదీసిన పుస్తకం నిలవాలన్నారు. సిద్ధాంతపరంగా ఉత్తరం దక్షిణం. అడిగింది మాత్రం ఒకటే: మా అధ్యాయం కొయ్యొద్దు.

కిటికీ అవతల

మా అమ్మది రాయచూరు దిక్కు ఊరు. పాలమూరు పల్లెకు కోడలుగా వచ్చింది. 1988లో ఆ ఊర్లో టీవీ ఒక్క ఇంట్లోనే ఉండేదట. ఆదివారం కూలి లేకపోతే మాదిగవాడ ఆడోళ్లు పోయి కిటికీ అవతల నిలబడేవాళ్లు. "హిందీల ఏమన్నరో మాకేం తెలుసు బిడ్డా. ఆల్లు లోపట సాపల మీద కూసుండిరి, మేం కిటికిలకెల్లి సూస్తిమి" అంటది. సీరియల్‌లో ఏం గుర్తుందే అంటే, "ఎండ" అంటది.

ప్రేక్షకులు అనే మాటను మన విమర్శకులు చాలా సులువుగా వాడతారు, కులం లేనట్టు. చుండూరులో 1991లో కాలు తగిలిందన్న గొడవ మొదలైంది సినిమా హాల్లోనే. అది ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్యల దాకా పోయింది. కూర్చుని బొమ్మ చూడ్డానికి కూడా ప్రాణాలు పెట్టాల్సి వచ్చిన జనం మనం.

అర్ధరాత్రి ఫోన్లు, పగటి ఫ్లెక్సీలు

ఇప్పుడు 2020కి వద్దాం. లాక్‌డౌన్ పెట్టిన నాలుగు రోజులకే, మార్చి 28న, దూరదర్శన్ మళ్లీ 'రామాయణ్' వేసింది. అందరూ ఇళ్లల్లో కూర్చుని చూస్తుంటే పారిశుధ్య కార్మికులు వీధుల్లోనే ఉన్నారు. ఆ జులైలో జీ కన్నడ ఛానెల్ 'మహానాయక' మొదలుపెట్టింది. 2019 డిసెంబర్ నుంచి అండ్ టీవీలో హిందీలో వస్తున్న అంబేద్కర్ జీవిత సీరియల్‌కు అది కన్నడ డబ్బింగ్. కన్నడంలో డబ్బింగ్ మీద దశాబ్దాలుగా అప్రకటిత నిషేధం ఉండేది, అది సడలుతున్న రోజులవి. ఆగస్టు చివర ఛానెల్ బాధ్యుడు రాఘవేంద్ర హుణసూర్, సీరియల్ ఆపమని తనకు అర్ధరాత్రి బెదిరింపు ఫోన్లు వస్తున్నాయని, తాము ఆపబోమని బహిరంగంగా చెప్పారు. ఆ తర్వాత ఊరూరా సీరియల్‌కు మద్దతుగా ఫ్లెక్సీలు లేచాయి.

రాయచూరు దగ్గరుండే మా బావ తమ వాడ ఫ్లెక్సీ ముందు నిలబడి ఫోటో దిగి పంపించాడు. దాన్ని నలుగురు మిత్రులకు చూపిస్తే పెద్ద చర్చే అయింది. నాతో చదివిన ఒక అగ్రవర్ణ మిత్రుడు "అంబేద్కర్ అంటే నాకు గౌరవమే, కానీ ఆ ఏడుపులు, ఆ సంగీతం భరించలేం. కళగా నిలబడనిది ఆగితే నష్టమేంటి?" అన్నాడు. మా పరిశోధక మిత్రుడు, మనవాడే, ఇంకో దిక్కు నుంచి వచ్చాడు: "ఇది కంపెనీ వ్యాపారం. దేవుళ్ల సీరియళ్లు అమ్మిన చేత్తోనే బాబాసాహెబ్‌ను అమ్ముతున్నారు. దానికి మనం ఫ్లెక్సీలు కట్టాలా?" ఈ మాటలు బావకు చెప్తే ఆయన ఒక్కటే అడిగాడు. "ఆపమని ఫోన్లు చేసినోళ్లకు సంగీతం బాగలేకనే చేసిన్రా?"

మొదటి మిత్రుడికి జవాబు తేలిక. తెలుగులో 'మొగలి రేకులు' వెయ్యి ఎపిసోడ్లు దాటి నడిచింది. జనం ఇష్టపడి చూశారు, మా ఇంట్లోనూ చూశాం. దానికి అంతకాలం నడిచే అర్హత ఉందా అని ఎవరూ విచారణ పెట్టలేదు. ఏడుపు, సంగీతం, ముఖాల మీదికి మూడుసార్లు పోయే కెమెరా అన్ని సీరియళ్లలో ఉన్నవే. అంబేద్కర్ దగ్గరికి వచ్చేసరికే కళ గుర్తుకొస్తే అది కళ మీద ప్రేమ అనుకోలేం. మమ్ముట్టి నటించిన జబ్బర్ పటేల్ సినిమా 2000లో తయారైతే, తమిళ డబ్బింగ్ థియేటర్ల దాకా రావడానికి 2010 దాకా పట్టింది. అది ఏడుపుగొట్టు సీరియల్ కాదు, జాతీయ అవార్డు పొందిన సినిమా. నాణ్యత ఉన్నప్పుడు ఆడనిచ్చారా?

రేటింగులున్నాయి కదా, జనం చూస్తే నడుస్తది, చూడకపోతే ఆగుతది అంటారు. ఆ లెక్క ఎట్లా తీస్తారో చూద్దాం. 2020 నాటికి దేశంలో టీవీ ఉన్న ఇళ్లు దాదాపు 20 కోట్లు. బార్క్ సంస్థ మీటర్లు పెట్టిన ఇళ్లు 40 వేల పైచిలుకు. శాంపిల్ తీయడమే తప్పని నేననడం లేదు, మేమూ పరిశోధనలో శాంపిళ్లు తీస్తాం. కానీ ఆ ఇళ్లను తరగతులుగా విడగొట్టేది రెండు సంగతుల్ని బట్టి: ఎక్కువ సంపాదించే మనిషి చదువు, ఇంట్లో ఉన్న సామాన్లు. ప్రకటనలిచ్చే కంపెనీలకు కావాల్సింది కొనగలిగే ఇల్లు. చదువూ సామానూ లేని ఇల్లు లెక్కలో ఉన్నా, విలువలో అడుగున ఉంటది. ఇక గడప అవతల నిలబడి చూసినవాళ్లకు, హాస్టల్ హాల్లో ఒక్క టీవీ ముందు కూర్చున్న పిల్లలకు మీటరే లేదు. జలంధర్‌లో చీపురు, కర్ణాటకలో ఫ్లెక్సీ చేసిన పని ఇదే. మీటరు పట్టుకోని ప్రేక్షకులు తమను తామే లెక్క చెప్పుకున్నారు.

పిలగాడు ఎప్పుడు పెద్దగైతడు?

రెండో మిత్రుడి మాట అంత తేలిగ్గా కొట్టేసేది కాదు. సీరియల్‌కు మద్దతు నిలిచామంటే అందులోని ప్రతిదానికీ చేతులు జోడించాలని కాదు. విమర్శ మన పని. మనం చెయ్యకపోతే ఇంకెవరో తమ అవసరానికి చేస్తారు.

అంబేద్కర్ తన చిన్నతనం గురించి స్వయంగా రాసుకున్నాడు. 1901లో అన్నదమ్ములు, మేనల్లుడు కలిసి తండ్రి దగ్గరికి బయల్దేరి మసూర్ స్టేషన్‌లో దిగుతారు. తీసుకుపోయే మనిషి రాడు. మంచి బట్టలేసుకున్న పిల్లల్ని స్టేషన్ మాస్టర్ దయగానే పలకరిస్తాడు. మహార్లమని చెప్పగానే ఆయన ముఖం మారిపోతది. బండివాళ్లెవరూ రారు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకుంటాడు, బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తానని షరతు పెట్టి. ఆ కథలో దుర్మార్గుడు ఎవరు? క్షణం కింద దయ చూపినవాడే. డబ్బు అవసరమున్న ఒక పేదవాడే. కులానికి విలన్ అక్కర్లేదు, మామూలు మనుషులు చాలు. అంబేద్కర్ చూపించిన భయంకరమైన నిజం అది.

సీరియల్‌కు అది సరిపోదు. దానికి ప్రతి వారం కళ్లురిమే ఒక చెడ్డవాడు కావాలి, వాడి ముందు గొప్ప డైలాగు చెప్పే బాలుడు కావాలి. ఆయుధ్ భానుశాలి అనే పిల్లవాడు ఆ పాత్రలో బాగానే నటించాడు. కానీ చెడ్డవాడు ఓడిపోగానే కులం కూడా ఓడిపోయినట్టు అనిపిస్తది. చూసే అగ్రవర్ణ ప్రేక్షకులు "అబ్బ, ఎంత దుర్మార్గులో" అనుకుని నిశ్చింతగా పడుకోవచ్చు. వాళ్లు స్టేషన్ మాస్టర్‌లో తమను చూసుకునే అవకాశాన్ని సీరియల్ ఇవ్వదు.

ఇంతకంటే పదునైన విమర్శ మా అమ్మ చేసింది. కన్నడం ఆమె తల్లిగారింటి భాష కాబట్టి 'మహానాయక' ఆమెకు బాగా అర్థమైంది. ఈసారి కిటికీ అవతల కాదు, మా ఇంట్లో మంచం మీద కూర్చుని చూసింది. కొన్ని నెలలు చూసినంక ఒకనాడు అడిగింది. "ఈ పిలగాడు ఎప్పుడు పెద్దగైతడు బిడ్డా?"

నేను నవ్వాను. తర్వాత నవ్వలేకపోయాను. ఆ సీరియల్‌లో చిన్ననాటి కథే ఏడాదికి పైగా నడిచింది. నీళ్లు దొరకని పిల్లవాడి మీద జాలిపడ్డానికి ఈ సమాజానికి పెద్ద ఇబ్బంది లేదు. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగించి, ఆ డిసెంబర్ 25న మనుస్మృతిని తగలబెట్టిన మనిషితోనే ఇబ్బంది. 1932లో గాంధీతో తలపడ్డవాడితో, 1936లో 'కుల నిర్మూలన' అచ్చేసినవాడితో, 1956లో హిందూమతాన్ని వదిలేసి పోయినవాడితో ఇబ్బంది. బాల్యంలోనే కథను సాగదీస్తే, ఆ పెద్దమనిషి దాకా వచ్చేసరికి చూసేవాళ్లు తగ్గి ఉంటారు, కంపెనీకి ఓపిక తగ్గి ఉంటది. ఫోన్ చేసి బెదిరించకుండానే కథను ఆపే పద్ధతి ఇది.

కాబట్టి నాకు అర్థమైంది చెప్తాను. బెదిరించి ఆపుతామంటే ఆ సీరియల్ పక్షాన షరతుల్లేకుండా నిలబడాలి. అప్పుడు నాణ్యత చర్చ తెచ్చేవాళ్లు బెదిరించినవాళ్లకే సాయం చేస్తారు. రేటింగు లేదని ఆపుతామంటే, ఎవర్ని లెక్కపెట్టారని అడగాలి. ఈ రెండూ దాటినంక మన విమర్శ మొదలుకావాలి, మొహమాటం లేకుండా. మన మహనీయుడి బొమ్మ కదా అని ఊరుకుంటే కంపెనీ బాలభీముణ్ణి మన పూజగదిలో పెట్టి పోతది.

అధ్యాపక మిత్రులకు, హాస్టల్ విద్యార్థులకు ఒక మాట. అంబేద్కర్ సీరియల్ చూసే చోటల్లా, మసూర్ స్టేషన్ సంగతి ఆయన రాసుకున్నట్టే గట్టిగా చదివి వినిపించండి. చిన్న రచన, ఒక్క సాయంత్రం చాలు. చదివినంక చూసినవాళ్లను మాట్లాడనియ్యండి, ముఖ్యంగా మన తల్లులను. వాళ్లు ఏమన్నారో రాసి పెట్టండి. జలంధర్ కార్మికులు సమ్మె చేశారని మనకు తెలుసు. వాళ్ల ఇళ్లల్లో ఆ సీరియల్ గురించి ఏం వాదించుకున్నారో రాసి పెట్టినవాళ్లు లేకపోయారు. మా అమ్మ అడిగిన ప్రశ్నకు కూడా అదే గతి పట్టకూడదనే ఇదంతా రాశాను.