రసనిష్పత్తి, మెదడు చిత్రం: సాక్ష్యానికి ఉన్న పరిధి

రససిద్ధాంతాన్ని సమకాలీన శాస్త్రాల పరిభాషలోకి మార్చి చెప్పడం మన విమర్శకు అలవాటైన పనే. మనోవిశ్లేషణ ప్రచారంలో ఉన్నప్పుడు వాసనలను అచేతనంతో పోల్చాం. విభావాన్ని ప్రేరణ అనీ, అనుభావాన్ని ప్రతిస్పందన అనీ వ్యవహరించాం. ఈ సమీకరణాల వల్ల పాత మాటకు కొత్త పేరు దొరికిన సందర్భాలే ఎక్కువ. కావ్యాన్ని గురించి అంతకుముందు తెలియని సంగతి తెలిసిన సందర్భాలు తక్కువ. ఇప్పుడు మెదడు చిత్రాల వంతు వచ్చింది. రసానుభూతి మెదడులో ఎక్కడ, ఎలా కలుగుతుందో శాస్త్రం నిరూపించిందనే అర్థం వచ్చే వాక్యాలు సదస్సు పత్రాలలోనూ, సిద్ధాంత గ్రంథాల తొలి అధ్యాయాలలోనూ కనిపిస్తున్నాయి. ఆ వాక్యాలలోని ‘నిరూపించింది’ అనే క్రియను పరీక్షించడమే ఈ వ్యాసం ఉద్దేశం. భరతుణ్ణి సమర్థించడానికో ఖండించడానికో మెదడు చిత్రం పనికిరాదనీ, అయితే అలంకారశాస్త్రం చేసిన కొన్ని విభజనలు ఆ చిత్రాన్ని జాగ్రత్తగా చదవడానికి పనికివస్తాయనీ నా ప్రతిపాదన.

ముందుగా యంత్రం కొలిచేది ఏమిటో తెలుసుకోవాలి. ఇవాళ ఎక్కువగా వాడుకలో ఉన్న ఎఫ్.ఎం.ఆర్.ఐ. పద్ధతికి మూలమైన సూత్రాన్ని 1990లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో సెయిజీ ఒగావా బృందం వెల్లడించింది. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కూడి ఉన్నప్పుడు ఒక విధంగానూ, దానిని కోల్పోయినప్పుడు మరొక విధంగానూ అయస్కాంత క్షేత్రంలో ప్రవర్తిస్తుంది. మెదడులో ఒకచోట నాడీకణాలు చురుకైతే అక్కడికి ఆక్సిజన్ నిండిన రక్తం ఎక్కువగా చేరుతుంది. యంత్రం గుర్తించేది ఈ రక్తప్రవాహపు మార్పును. ఆలోచననూ కాదు, భావాన్నీ కాదు, నాడీకణాల పనిని నేరుగానూ కాదు. చిత్రంలో కనిపించే ఎరుపు, పసుపు రంగులు రెండు స్థితుల మధ్య ఉన్న తేడా గణాంకరీత్యా ఎంత గట్టిదో తెలపడానికి పరిశోధకుడు వేసిన గుర్తులు. మెదడులో ఫలానా భాగం ‘వెలిగింది’ అనడం లక్షణావృత్తితో చెప్పిన మాట. అభిధకూ లక్షణకూ భేదం పాఠం చెప్పే మనమే దానిని వాచ్యార్థంలో తీసుకోవడం విచిత్రం.

ఈ కొలతకు కాలపరిమితి కూడా ఉంది. నాడీకణాలు చురుకైన తరువాత రక్తప్రవాహం శిఖరానికి చేరడానికి ఐదారు సెకన్లు పడుతుంది. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం. రాగం తీయకుండా చదివితే పాదమంతా దాదాపు ఆ వ్యవధిలోనే ముగుస్తుంది. ప్రాస తగిలిన క్షణం, యతి కుదిరిన క్షణం, అన్వయం తెమిలి అర్థం స్ఫురించిన క్షణం, ఈ మూడూ రక్తం ఇచ్చే ఒకే సమాధానంలో కలిసిపోతాయి. వాటిని వేరుచేసే ప్రయోగాలను రూపొందించడం అసాధ్యం కాదు. కాని అలాంటి ప్రయోగానికి పద్యం ఎక్కడెక్కడ విరుగుతుందో ముందుగా ఛందస్సు తెలిసినవాడు చెప్పవలసి ఉంటుంది.

అసలు చిక్కు కొలతలో కంటే అనుమానంలో, అంటే తార్కికులు చెప్పే అనుమాన ప్రమాణంలో ఉంది. కోపం తెప్పించే దృశ్యం చూపి మెదడులో ఏ భాగం చురుకైందో చూడడం ఒక పద్ధతి. ఫలానా భాగం చురుకైంది కనుక మనిషిలో కోపం ఉందనడం దానికి తలకిందులైన పద్ధతి. ఈ రెండోదానిలోని లోపాన్ని 2006లో రస్సెల్ పోల్డ్రాక్ వివరంగా చర్చించాడు. న్యాయశాస్త్ర పరిభాషలో చెబితే, పొగను చూసి నిప్పును ఊహించాలంటే నిప్పు లేనిచోట పొగ ఉండకూడదు. ఆ వ్యాప్తి తప్పినప్పుడు హేతువు సవ్యభిచారం, దుష్టహేతువు. 2011లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన ఒక వ్యాసం ఐఫోన్‌ను చూసిన, దాని ధ్వని విన్న వారి మెదడులో ఇన్సులా చురుకైంది కనుక వారు ఫోన్‌ను నిజంగా ప్రేమిస్తున్నారని ప్రకటించింది. పోల్డ్రాక్‌తో పాటు నలభై మందికి పైగా శాస్త్రజ్ఞులు ఆ పత్రికకు లేఖ రాశారు. మెదడు చిత్రాల అధ్యయనాలలో దాదాపు మూడో వంతులో చురుకుగా కనిపించే భాగం అది అని వారి ఆక్షేపణ. ప్రేమకే కాదు, జుగుప్సకూ నొప్పికీ ఆ భాగం చురుకవుతుంది. శృంగారానికీ బీభత్సానికీ ఒకే పొగ వస్తే నిప్పు ఏదని చెప్పగలం?

స్థాయీభావానికి ఒక్కొక్క గది చొప్పున మెదడులో ఎనిమిది గదులు ఉంటాయని ఆశించేవారికి ఆమిగ్డాలా కథ తెలియాలి. భయానికి అదే స్థానమని చాలాకాలం ప్రచారం సాగింది. అరుదైన వ్యాధి వల్ల ఆ భాగం రెండువైపులా దెబ్బతిన్న ఒక స్త్రీకి పాములను చూసినా, భయానక చిత్రాలు చూసినా భయం కలగకపోవడం దానికి గట్టి ఆధారంగా నిలిచింది. అయితే 2013లో ప్రచురితమైన ప్రయోగంలో ఆమె చేత కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలి పీల్పించినప్పుడు ఆమె తీవ్రంగా భయపడిపోయింది. వెలుపలి విభావం కలిగించలేని భయాన్ని ఊపిరాడకపోవడం కలిగించింది. 2012లో క్రిస్టెన్ లిండ్‌క్విస్ట్ బృందం అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కలిపి విశ్లేషించి, ఒక్కొక్క భావానికి మెదడులో ఒక్కొక్క ప్రత్యేక స్థానం ఉందనడానికి ఆధారాలు స్వల్పమని తేల్చింది.

దీనికి సమాధానంగా మరొక వాదం వచ్చింది. ఒక్కొక్క భాగాన్ని కాక మెదడంతటా పరచుకున్న నమూనాను కంప్యూటరుకు నేర్పితే అది భావాలను కొంతవరకు వేరుచేయగలదని ఇటీవలి అధ్యయనాలు చూపుతున్నాయి. ఇది తోసిపుచ్చదగిన ఫలితం కాదు. కాని ఇది కోపం, ఇది శోకం అని కంప్యూటరుకు ముందుగా పేర్లు ఇచ్చేది మనుషులే. ఏ భాషలోని పేర్లు? పారిజాతాపహరణంలో సత్యభామ శ్రీకృష్ణుణ్ణి తన్నడం అందరికీ తెలిసిన ఘట్టం. అక్కడ కన్నులు ఎర్రబడడం, కనుబొమలు ముడిపడడం వంటి అనుభావాలను మాత్రమే లెక్కిస్తే అది క్రోధం, రౌద్రానికి చెందాలి. అలంకారికులు మాత్రం దానిని ఈర్ష్యామానంగా గుర్తించి శృంగారంలో చేర్చారు. తెలుగువాడికి ఆ శాస్త్రం చదవకపోయినా తెలుసు, అది అలక. అలకను ప్రేమ ఉన్నచోటే పోతారు. శత్రువు మీద అలిగేవారు ఉండరు. కోపం, కినుక, అలక, ఆగ్రహం అన్నింటినీ ఒకే శీర్షిక కింద వేసి నేర్పిన యంత్రం సత్యభామను రౌద్రంలో పడేస్తే తప్పు యంత్రానిది కాదు. భావాన్ని వేరుచేసి చూపే పని భాషలో, కావ్యంలో ముందే జరిగి ఉండాలి.

గణాంకాల విషయం క్లుప్తంగా. 2009లో క్రెయిగ్ బెనెట్, అతని సహచరులు చచ్చిన సాల్మన్ చేపను యంత్రంలో పెట్టి, దానికి మనుషుల ఛాయాచిత్రాలు చూపించి, వారి భావమేమిటో చెప్పమన్నారు. వేలకొలది బిందువులను ఒకేసారి పరీక్షించేటప్పుడు చేయవలసిన సవరణ చేయకపోతే ఆ చేప మెదడులోనూ ‘చురుకుదనం’ కనిపించింది. చచ్చిన చేపకు సహృదయత్వం అంటగట్టిన ఈ ప్రయోగం పరిహాసంలా కనిపించినా, అది ఎత్తిచూపిన దోషం నిజమైనది. సవరణలు పాటించిన పనినే ఆధారంగా తీసుకోవాలని దీని అర్థం. మొత్తం పద్ధతిని కొట్టివేయాలని కాదు. అసంబద్ధమైన మెదడు సమాచారాన్ని చేర్చినా బలహీనమైన వివరణలు నిపుణులు కానివారికి మరింత నచ్చుతాయని 2008లో డీనా వైస్‌బర్గ్ బృందం చూపింది. ఈ విషయంలో మనం నిపుణులం కానివారిలోనే ఉన్నాం.

సాహిత్యానికి నేరుగా సంబంధించిన పరిశోధనలలో నాకు విలువైనదిగా తోచినది ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన యూజెన్ వాసిలివిజ్కీ బృందం 2017లో ప్రచురించినది. పద్యాలు వింటున్నప్పుడు శ్రోతలకు ఒళ్లు గగుర్పొడిచే క్షణాలను వారు గుర్తించారు. రోమాలు నిక్కబొడుచుకోవడాన్ని కెమెరాతో చిత్రించారు. ఆ అనుభవంలో సంతోషంతో, ప్రతిఫలంతో ముడిపడిన మెదడు భాగాలు చురుకయ్యాయి. అదే సమయంలో కనుబొమలను ముడిచే కండరం, అంటే సాధారణంగా దుఃఖానికీ అప్రియానికీ గుర్తుగా భావించేది, అదీ కదిలింది. గగుర్పాటు పాదం చివర, పద్యం చివర వంటి ముగింపు స్థానాలలో ఎక్కువగా కలిగింది. కరుణరసంలో దుఃఖం ఆస్వాద్యం ఎలా అవుతుందన్న పాత ప్రశ్న మనకు గుర్తుకు రాక మానదు. పద్యనిర్మాణానికీ శరీరానికీ మధ్య సంబంధాన్ని ఈ పని నిజంగా చూపింది.

అయితే వారు పట్టుకున్నది రోమాంచాన్ని. భరతుడు దానిని ఎనిమిది సాత్త్విక భావాలలో చేర్చాడు, రసం అనలేదు. పైగా చలి, స్పర్శ, భయం, హర్షం, కోపం, రోగం వంటి పలు కారణాల వల్ల అది కలుగుతుందని నాట్యశాస్త్రం ఏడో అధ్యాయంలో చెప్పాడు. అంటే రోమాంచాన్ని చూసి రసాన్ని అనుమానించడానికి వ్యాప్తి లేదు. అనుభావాల నుంచి స్థాయిని అనుమానించడమే రసప్రతీతి అన్న శంకుకుడి వాదాన్ని అభినవగుప్తుడూ, ఆయన గురువు భట్టతౌతుడూ ఎందుకు ఒప్పుకోలేదో మళ్లీ చదవవలసిన సందర్భం ఇదే. మెదడు చిత్రంతో రసాన్ని నిరూపించామనేవారు తెలియకుండానే శంకుకుడి పక్షాన నిలుస్తున్నారు. తెలిసి నిలిస్తే మంచిదే. అప్పుడు ఆయన మీద వచ్చిన ఆక్షేపణలకు వారూ సమాధానం చెప్పాలి.

అభినవగుప్తుడు రసప్రతీతికి ఏడు విఘ్నాలను లెక్కించాడు. వాటిలో కొన్నింటిని ప్రయోగశాలకు అన్వయిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. శ్రోత ఇరుకైన గొట్టంలో వెల్లకిలా పడుకుంటాడు. తల కదిలించకూడదు. చెవులకు రక్షణ పెట్టుకోవలసినంత చప్పుడు. తన సుఖదుఃఖాలకు తానే లోబడి ఉండడం ఒక విఘ్నం, ప్రతీతికి సాధనాలు లోపించడం మరొకటి. పరీక్షలో పాల్గొంటున్నానన్న స్పృహ వల్ల దేశకాలాలూ ‘నేను’ అన్న భావమూ తొలగవు, సాధారణీకరణం కుంటుపడుతుంది. ఇన్ని అడ్డంకుల మధ్య కూడా పద్యం శ్రోతను కదిలించిందంటే అది పద్యం బలమే. 2001లో మాంట్రియల్‌లో ఆన్ బ్లడ్, రాబర్ట్ జటోరేలు సంగీతం మీద చేసిన ప్రయోగంలో శ్రోతలు తమకు పులకింత కలిగించే సంగీతాన్ని తామే ఎంచుకొని తెచ్చుకున్నారు. వాసన ఉన్నవాడికే రసమన్న నియమాన్ని ప్రయోగశాల తన అవసరం కోసం తానుగా పాటించింది.

మనోభావాల నుంచి ధారణవైపు వస్తే మన గడప దాకా వచ్చిన ఉదాహరణ ఒకటి ఉంది. జేమ్స్ హార్ట్‌జెల్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం భారతీయ వేదపండితుల మెదడు నిర్మాణాన్ని ఇతరులతో పోల్చి, జ్ఞాపకానికీ భాషకూ సంబంధించిన భాగాలలో తేడాలు చూపింది. సంస్కృతం చదివితే మెదడు పెరుగుతుందని దీనిని ప్రచారం చేసినవారున్నారు. రెండు వర్గాలను ఒక్కసారి పోల్చి చూసిన అధ్యయనం కారణాన్ని నిర్ణయించలేదు. ఆ తేడా సంస్కృతానిదా, ఏళ్ల తరబడి చేసిన వల్లెదా, స్వరంతో కూడిన ఉచ్చారణదా, లేక అలాంటి ధారణ గలవారే ఆ చదువులో నిలబడ్డారా?

ఈ ప్రశ్నలను విడదీయడానికి తెలుగువారి దగ్గర అవధానం ఉంది. అందులో ధారణ ఒక్కటే లేదు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు వద్దన్న అక్షరాన్ని విడిచి మరో దారి వెతకాలి, దత్తపదిలో ఇచ్చిన మాటలను ఇమడ్చాలి, నడుమ అప్రస్తుత ప్రసంగానికి నవ్వుతూ జవాబు చెప్పాలి, చివరికి అన్ని పద్యాలనూ ధారణ చేసి అప్పగించాలి. సభలో జరిగే ఈ పనిని గొట్టంలో పెట్టలేం. సమస్యాపూరణాన్ని మాత్రం పెట్టవచ్చు. అసంబద్ధమనో అశ్లీలమనో తోచే పాదాన్ని ఇచ్చిన క్షణం ఒకటి, పూరణతో అది సార్థకమైన క్షణం మరొకటి. వినేవాడి మెదడులో ఈ రెండింటి మధ్య ఏం మారుతుందన్నది అడగదగిన ప్రశ్న. పూరణ పదవిభాగంతో సాధించినదా, సందర్భం మార్చడంతో సాధించినదా, క్రమాలంకారంతో సాధించినదా అని ముందుగా వర్గీకరించి ఇస్తేనే ఆ ప్రయోగానికి అర్థం ఉంటుంది. మన గ్రంథాలయాలలో అచ్చయి ఉన్న అవధాన పద్య సంపుటాలతో ఆ వర్గీకరణను ఏ యంత్రమూ లేకుండా ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.