కరక్కాయ లేపనానికి గాయం పెట్టే పరీక్ష

కరక్కాయ వగరంతా టానిన్లదే. ప్రొటీన్లను పట్టుకుని బిగించడం వాటి గుణం. తోళ్లు పదును చేసేవాళ్లు తరతరాలుగా వాడుకున్నది దాన్నే. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను ముందుగా కరక్కాయ, గేదెపాలలో నానబెట్టడంలోనూ వాటి పాత్ర ఉంది. మరి అవే టానిన్లు పచ్చిగాయం మీద ఏం చేస్తాయి? ప్రయోగశాలలో ఆ సంగతి నిగ్గు తేల్చే తీరు మెట్టుమెట్టునా చూడదగ్గది.

గింజ తీసేసిన పెచ్చును నీడన ఎండబెట్టి, ముతకగా దంచి, దళసరి కాగితపు గొట్టంలో నింపి సాక్స్‌లెట్ పరికరంలో పెడతారు. 1879లో ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ రూపొందించిన గాజు సామాను ఇది. అడుగున ఫ్లాస్కులో ఆల్కహాలు మరుగుతుంది. ఆవిరి పక్కగొట్టం గుండా పైకెక్కి, చల్లబడి, చుక్కలుగా పొడి మీద పడుతుంది. మట్టం సైఫన్ వంపు దాటగానే, సారం దిగిన ఆల్కహాలంతా ఒక్కసారిగా ఫ్లాస్కులోకి జారిపోతుంది. మళ్లీ ఆవిరయ్యేది ఆల్కహాలు మాత్రమే. సారం కిందే ఉండిపోతుంది. కొద్దిపాటి ఆల్కహాలే ప్రతిసారీ కొత్తదై పొడిని తడుపుతుంది. ఎంత పొదుపైన ఏర్పాటు!

ఆల్కహాలు ఎగరగొట్టాక మిగిలిన ముద్దను పారఫిన్, ఉన్ని కొవ్వు కరిగించి చేసిన లేపనంలో, నూటికి ఐదో పదో పాళ్లలో కలుపుతారు. చల్లారేదాకా కలియబెట్టాలి, లేకుంటే సారం ఒకచోట ఉండకట్టేస్తుంది.

నైతిక సంఘం అనుమతితో, మత్తిచ్చిన ఎలుకల వీపు మీద ఒకే కొలత గాయం చేస్తారు. ఒక గుంపుకు కరక్కాయ లేపనం, ఒకదానికి మామూలుగా వాడే పోవిడోన్ అయోడిన్ మందు, ఇంకొకదానికి సారం కలపని వట్టి లేపనం. ఈ మూడో గుంపే పరీక్షకు ప్రాణం. తేమగా ఉంచిన గాయం మీద పైచర్మం త్వరగా పరుచుకుంటుందని జార్జ్ వింటర్ 1962లో పందుల మీద చూపించాడు. పారఫిన్ చేసే మేలు కూడా అదే. ఆ మేలును తీసేశాకే కరక్కాయ వాటా ఎంతో తెలుస్తుంది.

కొలత చాలా సాదా. గాయం మీద పారదర్శకమైన షీటు పరిచి అంచు గీసుకుని, గ్రాఫు కాగితం మీద మిల్లీమీటరు గళ్లు లెక్కపెడతారు. పక్కు రాలి కింద పచ్చి లేకుండా పోయే రోజునూ రాసుకుంటారు.

ఇక్కడో చిక్కుంది. ఎలుక చర్మం అడుగున పల్చటి కండర పొర ఉంటుంది. అది గాయం అంచులను దగ్గరకు లాగేస్తుంది. మన గాయాలు ఎక్కువగా కొత్త కణజాలం నిండి, దాని మీద పైచర్మం పాకి మానతాయి. అందుకని కొందరు గాయం చుట్టూ సిలికాన్ ఉంగరం అతికించి కుట్టేస్తారు. లాగుడు ఆగుతుంది. ఇక గాయం పూడాలంటే కణజాలం నిండాల్సిందే. ఈ ఉపాయం ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ముచ్చటేస్తుంది.

పూడిన చోట బలముందా? అది చూడటానికి వేరుగా పెట్టిన నిలువు కోతను కుట్టి, మానాక కుట్లు విప్పి, ఒక అంచును కదలకుండా బిగించి రెండో అంచుకు గిన్నె వేలాడదీస్తారు. అందులోకి నీళ్లు సమంగా వదులుతారు. కోత విచ్చుకున్న క్షణాన ఆపి ఆ నీళ్లు తూస్తే అదే చర్మం బలం. విడిగా కణజాలంలో హైడ్రాక్సీప్రోలిన్ కొలుస్తారు. చర్మానికి బలాన్నిచ్చే కొలాజెన్ ఎంత చేరిందో అది చెబుతుంది. మాసన్ ట్రైక్రోమ్ రంగు వేసిన స్లైడులో ఆ కొలాజెన్ నీలంగా కనిపిస్తుంది. ఏ స్లైడు ఏ గుంపుదో చూసేవాళ్లకు తెలియనివ్వరు.

ఇన్ని గట్టెక్కినా తేలేది ఆరోగ్యంగా ఉన్న ఎలుక మీద, శుభ్రమైన గాయం గురించే. మధుమేహ గాయం వేరు. దానికి మధుమేహం తెప్పించిన ఎలుకలతో లెక్క మళ్లీ మొదలవుతుంది.