రాయల చెరువు పనితనం

తిరుపతికి దగ్గర్లో, రామచంద్రాపురం మండలంలో, కొండల నడుమ రాయల చెరువు ఉంది. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని ఈ ప్రాంతం వాళ్ల నమ్మకం. 2021 నవంబరులో కుండపోత వానలకు చెరువు నిండిపోయి కట్టకు లీకు పడింది. కింది ఊళ్లను ఖాళీ చేయించారు, ఇసుక బస్తాలు వేశారు. చివరికి కట్ట నిలిచింది. అప్పటి వార్తల్లో చెరువు ఒక గండంలా కనిపించింది. నిజానికి ఈ సీమలో మనిషి చేతులు చేసిన పనుల్లో చెరువును మించిన తెలివైన పని మరొకటి లేదని నేను నమ్ముతాను. దక్షిణ రాయలసీమ పాత చెరువుల కట్టుబడిని దగ్గరగా చూస్తే ఆ తెలివి తెలుస్తుంది.

ముందు కట్ట. తక్కువ మట్టితో ఎక్కువ నీళ్లు ఎక్కడ ఆగుతాయో చూసి, గుట్టల మధ్య సందును ఎంచుకునేవారు. మట్టిని పొరలుగా పోసి, తడిపి, తొక్కించేవారు. నీళ్ల వైపు సున్నం లేకుండా రాళ్లు పేర్చేవారు. గాలికి లేచిన అల ఆ సందుల్లో విరిగిపోతుంది. మట్టి కుంగితే రాళ్లూ దానితోపాటే సర్దుకుంటాయి.

తూము ఇంకా సున్నితమైన పని. నీళ్లలో రెండు రాతి స్తంభాలు నాటి, అడ్డంగా రంధ్రాలున్న బండలు బిగించి, వాటి గుండా పొడవాటి కొయ్యను దించేవారు. దాని కింది కొన సన్నగా చెక్కి ఉంటుంది. పూర్తిగా దించితే తూము మూసుకుంటుంది. జానెడు ఎత్తితే సన్నగా, మూరెడు ఎత్తితే ధారాళంగా పారుతుంది. ఏ మడికి ఎంత పారాలో నీళ్లు పంచే నీరుగంటికి తెలిసేది. ఆ పనికి కళ్లంలో ఆయన వాటా గింజలు ఆయనకు ముట్టేవి.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది మొరవ. నీళ్లు తల దాటితే మట్టికట్ట నిలవదు. అందుకే కట్ట కన్నా తక్కువ ఎత్తులో, మిగులు నీళ్లు పోవడానికి రాతితో మొరవ కట్టారు. కొన్నిచోట్ల దానిపై నిలువు రాళ్లు వరుసగా నాటారు. వానల ఉరవడి ఉన్నన్నాళ్లూ రాళ్ల మధ్య ఖాళీ వదిలేవారు. ఈశాన్య రుతుపవనాలు తగ్గాక కంప, మట్టి పెట్టి మూసి, మరికొన్ని నీళ్లు నిలిపేవారు. వరద భయానికీ కరువు భయానికీ ఆ ఒక్క గోడే జవాబు. పొర్లిన నీళ్లు కూడా వృథా కావు, గొలుసుకట్టులో కింది చెరువుకు చేరతాయి.

ఈ పనికి డబ్బు సమకూర్చిన తీరులోనూ పనితనం ఉంది. విజయనగర కాలంలో భక్తులు తిరుమల ఆలయ ఖజానా అయిన శ్రీభండారానికి ఇచ్చిన ధనంతో దేవస్థానం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు బాగుచేయించింది. అదనంగా పండిన పంటతో స్వామికి నైవేద్యం పెట్టేవారు. ప్రసాదంలో నాలుగో వంతు దాతకు దక్కేది. ఆలయ శాసనాల ఆధారంగా చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ 1960లో ఈ ఏర్పాటును వివరించాడు. ఒకసారి ఇచ్చిన కానుక ఏటా అన్నమయ్యేది.

చెరువు అవసరం ఇప్పుడూ తీరలేదు. భూమి ఒక డిగ్రీ వేడెక్కితే అతిభారీ వానల తీవ్రత సుమారు 7 శాతం పెరుగుతుందని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి బృందమైన ఐపీసీసీ 2021 నివేదిక చెబుతోంది. వాన ఒక్కసారిగా కురిసి, తర్వాత వారాల తరబడి ముఖం చాటేస్తే వానాధారపు వేరుశనగ ఎండిపోతుంది. ఆ ఒక్కసారి పడిన నీటిని పట్టి ఉంచేది చెరువే. నేడు బోర్లతో పండే వరికీ అడుగున ఊరే నీళ్లు అదే ఇస్తుంది. శ్రీలంక మెట్ట ప్రాంతపు గొలుసు చెరువులను ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2017లో ప్రపంచ ప్రాముఖ్యమున్న వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఆ పనితనానికి మన సీమ పనితనం ఏమాత్రం తీసిపోదు.

అయితే పూడిక తీయకుండా, వంకలను ఆక్రమణలకు వదిలేసి, మొరవకు దారి లేకుండా చేస్తే ఎంత గొప్ప కట్టయినా ఓడిపోతుంది. చెరువు మరమ్మతుకు పెట్టే ప్రతి రూపాయినీ తిండి ఖర్చు కిందే లెక్కరాయాలి. తిరుమల శాసనాలు రాసిన లెక్కా అదే.