అరంగుళం విలువ

శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి తిరునాళ్ల కరపత్రం చేతికందితే మనం చూసేది తేదీలే. నేను దాని కొలత కూడా చూస్తాను. 18×23 అంగుళాల డెమ్మీ షీటులో ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదున్నర అంగుళాల పొడవు ఉన్న కరపత్రాలు 8 వస్తాయి. "కొంచెం పెద్దగా వేయన్నా" అని పొడవులోనూ వెడల్పులోనూ అరంగుళం పెంచమంటే, అన్నీ ఒకే దిశలో పేరిస్తే 6 మాత్రమే. మిగిలింది కత్తిరింపు ముక్కలే. రీముకు 500 షీట్లు, అంటే వెయ్యి కరపత్రాలు తగ్గినట్టు! మంచి ప్రెస్సు మనిషి కత్తెర మిషను ముట్టకముందే ఈ లెక్క వేస్తాడు. ఎన్ని జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కాగితం చాలు, వెనక అచ్చు కనిపిస్తుందా, మిషనులో షీటును పట్టుకునే గ్రిప్పరుకు ఎంత అంచు వదలాలి, అన్నీ అతనికి వేళ్ల కొసల్లో ఉంటాయి. చెట్టును కాపాడే పని మొదలయ్యేది ఇక్కడే అని నా నమ్మకం. రీసైకిల్ కాగితం, చెరకు పిప్పి కాగితం ఆ తర్వాతి మాట.

అలాంటి ప్రెస్సు మనిషి పేరు మాత్రం మనకు గుర్తుండదు. గద్వాల సీమవాడు సురవరం ప్రతాపరెడ్డి సంగతే చూడండి. ఆయన 1926లో గోలకొండ పత్రిక, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆ పేజీల వెనక అక్షరాలు కూర్చిన కంపోజిటర్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

ఈసారి పెళ్లిపత్రిక వేయించేటప్పుడు ప్రెస్సులో ఒక మాట అడగండి: ఏ సైజైతే కాగితం వృథా కాదు?