పటం కూడా గ్రంథమే

బైబిల్లో చివరిది ప్రకటన గ్రంథం. పత్మోసు ద్వీపంలో యోహానుకు కనిపించిన లోకాంతం అందులో వరసగా విప్పుకుంటుంది: ఏడు ముద్రలు, నాలుగు గుర్రాల రౌతులు, ఏడు తలల మృగం, చివరికి ఆకాశం నుంచి దిగివచ్చే కొత్త యెరూషలేము. 776 ప్రాంతంలో ఉత్తర స్పెయిన్ కొండల్లో బేయాటుస్ అనే సన్యాసి దానికి వ్యాఖ్యానం కూర్చాడు. ఆ తరవాత కొన్ని వందల ఏళ్ళు మఠాల్లో ఆ వ్యాఖ్యానాన్ని తోలు పుటల మీద తిరగరాస్తూ, రంగుల బొమ్మలు వేస్తూ వచ్చారు. బొమ్మలున్న ప్రతులు రెండు డజన్లకు పైగా ఇప్పటికీ మిగిలాయి. న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో ఉన్నది పదో శతాబ్దంలో మాయుస్ అనే చిత్రకారుడు వేసింది. గిరోనా చర్చిలోని 975 నాటి ప్రతిలో ఎండె అనే చిత్రకారిణి పేరుంది. వీటిని గ్రంథాలు అనడానికి ఎవరికీ సందేహం లేదు. జనగామ నుంచి సిద్దిపేట పోయే దారిలో ఉన్న చేర్యాలలో నకాశీలు అనే చిత్రకారులు గుడ్డ మీద వేసిన కథల పటాల్ని మాత్రం జానపద కళ అని ఒక అరలో పెట్టేశాం, గోడకు అలంకారంగా కొంటున్నాం. చేర్యాల పటం అచ్చంగా గ్రంథం. దాని పనితనం అంతా చదివించడానికి పుట్టిన పనితనం. అది గ్రహించకుండా ఆ కళను కాపాడుతున్నామని చెప్పుకోవడంలో అర్థం లేదు.

రెంటికీ చుట్టరికం కథ దగ్గర మొదలవుతుంది. బేయాటుస్ నాటికి స్పెయిన్‌లో ఎక్కువ భాగం ముస్లిం పాలనలో ఉంది. కొండల్లో మిగిలిన చిన్న క్రైస్తవ రాజ్యానికి ప్రకటన గ్రంథం పెద్ద భరోసా. ఇవాళ పైనున్నవాళ్ళు చివరికి కూలిపోతారు, ఓర్చుకున్నవాళ్ళకు న్యాయం దక్కుతుంది అని అది చెప్పింది. చేర్యాల పటాల్లో ప్రధానమైనవి కులపురాణాలు. అవి కాలం చివరికి పోవు, మొదటికి పోతాయి. మాదిగల జాంబ పురాణంలో ఆది జాంబవుడు భూమి కంటే ఆరు నెలలు పెద్దవాడు. దేవుళ్ళకు కూడా ముందువాడు. పద్మశాలీల పురాణంలో మార్కండేయుడి కొడుకు భావనారుషి తామర తూటి దారంతో దేవతలకు బట్ట నేస్తాడు, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్ళాడతాడు. ఊళ్ళో చెప్పులు కుట్టేవాడు, మగ్గం గుంటలో కూర్చున్నవాడు సృష్టి మొదట్లో ఎక్కడున్నారో ఆ పటాలు చూపిస్తాయి. లోకాంతం మనకు తెలియనిది కాదు. పోతులూరి వీరబ్రహ్మం కాలజ్ఞానం పల్లెపల్లెకూ తెలుసు. కాని ఈ సీమలో గుడ్డ మీదికెక్కింది అంతం కాదు, ఆది. చివర్లో లెక్క సరిచూస్తారని అక్కడివాళ్ళు నమ్మారు, మొదటి లెక్కే వేరని ఇక్కడివాళ్ళు వాదించారు. ఇప్పుడున్న అంతస్తు శాశ్వతం కాదన్న మాట ఇద్దరిదీ.

అంత బరువైన మాటను మోయాల్సిన గుడ్డ గట్టిగా ఉండాలి. నకాశీ పనిలో సగం బొమ్మ మొదలుకాకముందే అయిపోతుంది. ముతక ఖాదీ గుడ్డను పరిచి గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, చెట్టు బంక కలిపిన పూత పూస్తారు. ఆరాక మళ్ళీ పూస్తారు, అది ఆరాక మూడోసారి. ఆ పూత నేతలోని సందుల్ని మూసేస్తుంది కాబట్టి రంగు ఇంకిపోకుండా పైనే నిలుస్తుంది. గుడ్డ గుడ్డగానే ఉంటుంది కాబట్టి చుట్టినా విప్పినా పటం మాట వింటుంది. ఈ రెండో గుణం ముఖ్యం. చట్రంలో బిగించే బొమ్మకు ఈ శ్రమ అక్కర్లేదు, ఊరూరా మోసుకుపోయి వందలసార్లు విప్పి చుట్టే పటానికే కావాలి. బేయాటుస్ ప్రతుల వెనకా ఇలాంటి చాకిరే ఉంది. పశువు తోలును సున్నపు నీళ్ళలో నానబెట్టి, చట్రానికి బిగించి, గీకి గీకి పలచన చేస్తే గాని ఒక్క పుట తయారు కాదు. నకాశీ ఉడుత వెంట్రుకల కుంచెతో నేరుగా గీత గీస్తాడు. పాత పద్ధతిలో తెలుపు గవ్వల నుంచి, నలుపు దీపం మసి నుంచి, పసుపు పేవుడి రాయి నుంచి, ఎరుపు ఇంగిలీకం నుంచి, నీలం నీలిమందు నుంచి వచ్చేవి. నూరిన రంగులో బంక కలిపితే గుడ్డను పట్టుకుంటుంది. మొదట ఆకారాలు గీసి, వాటి చుట్టూ నేలంతా ఎర్రరంగు నింపుతారు. తరవాత ఒళ్ళు, బట్టలు, నగలు వేసి, చివర్లో సన్నటి గీతతో కన్ను, ముక్కు, వేళ్ళు తీరుస్తారు. ఇప్పుడు సీసా రంగులే ఎక్కువ వాడుతున్నారు, దానికి నకాశీలను తప్పుపట్టలేం.

ఆ ఎర్ర నేల గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. చేర్యాల బొమ్మ అనగానే గుర్తొచ్చేది అదే, పొరపాటుగా చూసేదీ దాన్నే. దూరం, లోతు, వెలుగునీడలు చూపడం చేతకాక ఒకే రంగు పులిమారని విమర్శించేవాళ్ళున్నారు. పటం ఎప్పుడు, ఎక్కడ చూసేదో తలుచుకుంటే ఆ విమర్శ నిలవదు. కులం పెద్దలు, ఆడవాళ్ళు, పిల్లలు వాడలో కూర్చుంటారు. రాత్రిపూట దీపం వెలుగులో కథ నడుస్తుంది. అంత దూరం నుంచి, అంత తక్కువ వెలుగులో కూడా ఎవరు ఎవరో తెలియాలి. ఎరుపు మీద పసుపు ఒళ్ళు, నీలి ఒళ్ళు, తెల్ల పంచె కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కన్ను పెద్దది కాబట్టి చూపు ఎటు తిరిగిందో వెనక వరసకూ తెలుస్తుంది. బేయాటుస్ చిత్రకారులూ ఇదే దారి పట్టారు. వాళ్ళ పుటల్లో ఆకాశం, నేల అని ఉండవు. వెనక పసుపు, ఎరుపు, నీలం పట్టీలు అడ్డంగా పరుచుకుని ఉంటాయి, వాటి ముందు మృగమో దేవదూతో నిలబడతారు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీల్లేదు. చదివించే బొమ్మకు లోతు కంటే తేటదనం అవసరమని ఇద్దరూ ఎవరికి వారే తెలుసుకున్నారు. పటంలో కథ పైనుంచి కిందికి వరసలు వరసలుగా నడుస్తుంది. వరసకూ వరసకూ మధ్య సన్నటి అంచు ఉంటుంది. మొత్తం మూడడుగుల వెడల్పు, అరవై అడుగుల దాకా పొడవు. కథకుడు ఒక్కో వరసే విప్పి, కర్రతో చూపిస్తూ, పాటా వచనం కలిపి చెబుతాడు. ముందేం వస్తుందో చుట్టలో దాగి ఉంటుంది. వినేవాడి ఆత్రాన్ని ఎంతసేపు ఆపాలో, ఎప్పుడు తీర్చాలో కథకుడి చేతిలో ఉంది. దేవుడి పక్కనే కల్లు కుండ, ఎద్దులబండి, మన ఆడవాళ్ళ చీరకట్టు, ముక్కుపుల్ల కనిపిస్తాయి. పురాణం ఎక్కడో జరగలేదు, ఈ ఊళ్ళోనే జరిగిందని వినేవాడికి నమ్మకం కుదురుతుంది.

ఈ గ్రంథాలకు చదివేవాళ్ళు కూడా ఏర్పాటై ఉన్నారు. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు, రజకులకు పటంవాళ్ళు కథ చెబుతారు. గొల్లలకు మందహెచ్చులవాళ్ళు కాటమరాజు కథ చెప్పేటప్పుడు పటానికి బదులు నకాశీలు చేసిన బొమ్మల్నే వరసగా నిలబెడతారు. ఏ కుటుంబం ఏ ఊళ్ళకు పోవాలో మిరాశి ఉంది, అది వారసత్వంగా వస్తుంది. కథ ముగిశాక కులం వాళ్ళు ఇచ్చేది బిచ్చం కాదు, హక్కుగా అందే త్యాగం. పటం చివికిపోతే దాన్ని చూసి కొత్తది వేయించుకుని, పాతదాన్ని నీళ్ళలో నిమజ్జనం చేసేవాళ్ళు. పాత పటాలు అంత తక్కువగా దొరకడానికి అది పెద్ద కారణం. పాతదాన్ని చూసి కొత్తది రాసుకోవడం, చివికినదాన్ని గౌరవంగా సాగనంపడం గ్రంథానికి చేసే మర్యాదలే.

అక్షరం లేనిదాన్ని గ్రంథం అనడం అతి కాదా అని అడగవచ్చు. పాల్కురికి సోమన, బమ్మెర పోతన ఇద్దరూ ఈ జనగామ వైపు, పాలకుర్తి చుట్టుపక్కల వాళ్ళే; అలాంటి నేల మీద గుడ్డ బొమ్మను కావ్యం పక్కన కూర్చోబెట్టడం కొందరికి మింగుడుపడదు. అయితే ప్రకటన గ్రంథం ప్రతుల్నే చూడండి. పదమూడో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో వేసిన వాటిలో చాలా పుటలకు పైసగం బొమ్మ, కింద కొద్దిపాటి రాత. వాటిని తెప్పించుకున్న దొరలు, దొరసానులు ముందు చూసింది బొమ్మనే. అక్షరానికి ప్రాణం నిలకడ: ఎవరు చదివినా అదే వరస, అదే మాట. పటం ఆ నిలకడను బొమ్మల వరసతో తెచ్చింది. నకాశీకి కథ వివరం చెప్పేవాడు కథకుడే. ఎక్కడ ఎవరుండాలో, ఏ ఘట్టం తరవాత ఏ ఘట్టమో అతను చెప్పినట్టే బొమ్మ పడుతుంది. ఒకసారి గుడ్డ మీదికెక్కాక ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. పటంలో లేని దేవుణ్ణి పాటలో తెస్తే ముందు వరసలో కూర్చున్న కులం పెద్దే పట్టేస్తాడు. చదువు అందనివ్వని కాలంలో ఆ పెద్ద అక్షరం రాకుండానే తన గ్రంథాన్ని పరిష్కరించాడు.

మహబూబాబాద్, భూపాలపల్లి వైపు అడవుల్లోకి పోతే బొమ్మే గ్రంథమన్న సంగతి ఇంకా స్పష్టమవుతుంది. కోయల ఇలవేల్పుల కొలుపుల్లో పడిగెలు ఉంటాయి. ముక్కోణపు గుడ్డ మీద ఒక్కో గట్టు (గోత్రం) వేల్పులు, పూర్వీకులు బొమ్మలుగా ఉంటారు. డోలి కోయలు ఆ పడిగెను చూసి వంశ చరిత్ర పాడతారు. మేడారం జాతరకు సమ్మక్క భర్త పగిడిద్దరాజు మహబూబాబాద్ జిల్లా పొనుగొండ్ల నుంచి పెనుక వంశం పూజారుల వెంట అడవి దారిన నడిచి వస్తాడు. సమ్మక్క కథ అనగానే మనకు తెలిసింది కాకతీయుల మీద యుద్ధం. డోలీల నోట వినిపించే కథలో వంశాలు, వలసలు, పెళ్ళిళ్ళు, గట్ల మధ్య సంబంధాలు ఎక్కువ. చరిత్రకారుడికి ఆ వివరం శాసనం కంటే తక్కువ విలువైంది కాదు. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు పడిగెల వెంటపడి ఆ పాఠాల్ని సేకరించబట్టే కొంతైనా బయటికి వచ్చింది. మణుగూరు వైపు ఈ వంశకథలు పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన వెళ్ళిపోయారు. పడిగె మిగిలినా అలా పాడేవాడు పోతే అది రంగుల గుడ్డే.

నాకు తూకంగా అనిపించే అభ్యంతరం ఇంకొకటుంది. కులపురాణం కులాన్ని ప్రశ్నించదు, తన కులానికి పెద్దపీట అడుగుతుందంతే. నిజమే. అంతకంటే చేదు సంగతి డక్కలివాళ్ళది. మాదిగల ఆది గౌరవాన్ని కాపాడి చెప్పేవాళ్ళు వాళ్ళు, ఆ మాదిగవాడలోనే వాళ్ళకు అంటరానితనం. ఈ పటాల్ని పొగిడే వ్యాసాలు ఆ మాట దాటేస్తాయి. ప్రకటన గ్రంథమూ మచ్చ లేనిది కాదు, శత్రువును మృగంగా చూపడానికి దాన్ని ఎన్ని యుద్ధాల్లో వాడుకున్నారో ఐరోపా చరిత్రే చెబుతుంది. గ్రంథంలో తప్పుందంటే దాన్ని చదివి వాదించాలి గాని, అరలోంచి తీసి అలంకారం చేయకూడదు. జాంబ పురాణాన్నే చిందు యక్షగానంలో ఆడతారు. జనగామ జిల్లా అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. ఆటకు దొరికిన ఆ గుర్తింపు పటం చూపి కథ చెప్పే డక్కలివాడికి ఇంకా అందలేదు.

మార్కెట్ లేకపోతే చేర్యాల బొమ్మే ఉండేది కాదు కదా అన్నది చివరి ప్రశ్న. ఒప్పుకోవాల్సిందే. సినిమా, టీవీ వచ్చాక కథకులు పటాలు వేయించుకోవడం మానేశారు. ధనాలకోట కుటుంబంలో వైకుంఠం వంటి పెద్దలు ముసుగులు, చిన్న బొమ్మలు, తాళంచెవి బిళ్ళల దాకా చేసి ఆ చెయ్యి ఆరిపోకుండా చూశారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెయ్యి బతికింది, సంతోషం. గ్రంథం బతికిందా? ఇప్పుడు అమ్ముడుపోయే వాటిలో ఎక్కువ భాగం ఒకే ఘట్టం ఉన్న చట్రం బొమ్మలు, బతుకమ్మ, కల్లు గీత, పొలం పని. కథ లేదు, వరస లేదు, చెప్పేవాడు లేడు. ఫ్రాన్స్‌లో ఆంజూ ప్రభువు కోసం 1377, 1382 మధ్య ప్రకటన గ్రంథాన్ని వంద మీటర్లు దాటిన నేత తెరలుగా నేయించారు. ఫ్రెంచి విప్లవ కాలంలో వాటిని ముక్కలు కోసి గుర్రపుశాలల్లో కప్పడానికి కూడా వాడారు. పందొమ్మిదో శతాబ్దంలో ముక్కలు ఏరి మళ్ళీ వరసగా కుట్టారు. ఇవాళ జనం ఆంజే కోటకు పోయి మొదటి ఘట్టం నుంచి చివరి దాకా నడుస్తూ చదువుతున్నారు. మన పటాన్ని ఎవరూ కోపంతో కోయలేదు, మనమే ముద్దుగా ఒక్కో ముక్క కొంటున్నాం.

కాబట్టి చేర్యాల బొమ్మ కొనేవాళ్ళకు ఒక విన్నపం. కుదిరితే ఒక్క చట్రం కాకుండా చిన్నదైనా పూర్తి కథ పటం వేయించండి, ఏ కథో నకాశీని అడిగి రాసి ఉంచుకోండి. కులసంఘాలు కల్యాణమండపాలకు పెట్టే ఖర్చులో కొంత తీసి, మిగిలిన కూనపులి, డక్కలి, పటం కథకులతో తమ పురాణాన్ని పటం ముందు పూర్తిగా చెప్పించి వీడియో తీయించాలి. చెప్పినవాడికి పాత లెక్కన త్యాగం ముట్టజెప్పాలి. మేడారంలో గిరిజన మ్యూజియం ఉంది. అలాంటి చోట్ల పడిగె పక్కన డోలి పాట కూడా వినిపించాలి. ఈ పని చేయగల కథకులు పెద్దవాళ్ళైపోతున్నారు, రికార్డు చేయడం ఈ ఏడాదే మొదలుపెట్టండి.